పన్నెండవ చిత్రం

గడిచిపోతున్న క్షణాన్ని పట్టి నిలపాలనే కోరిక మానవునికి అనాదిగా ఉన్నది. కలలో కనిపించిన రాకుమారుడెవరో తెలియక ఉష కుమిలిపోతుంటే, ఆమె చెలికత్తె చిత్రరేఖ లోకంలోని రాకుమారుల రూపాలన్నింటినీ పటాలపై లిఖించి చూపింది. శకుంతలను నిరాకరించి పశ్చాత్తాపంతో దహించుకుపోయిన దుష్యంతుడు ఆమె చిత్రాన్ని తానే గీసుకొని, ఆ చిత్రంతోనే మాట్లాడాడు. భవభూతి రచించిన ఉత్తరరామచరితంలో సీతారాములు తమ వనవాస ఘట్టాల చిత్రాలను చూస్తూ కన్నీరు పెట్టుకుంటారు. ఈ మూడింటిలోనూ చిత్రం అలంకారం కోసం పుట్టలేదు. కంటి ఎదుట లేని మనిషి కోసం, తిరిగిరాని కాలం కోసం పుట్టింది.

అయితే ఆ చిత్రాలన్నీ రాజమందిరాలకు చెందినవి. సామాన్యుని ముఖాన్ని మరొక సామాన్యుడు పట్టి నిలిపే భాగ్యం ఎంతో కాలానికి గాని లభించలేదు. కాంతిని లోపలికి రానిచ్చే ఒక చిన్న పెట్టె వలన అది సాధ్యమైంది. అటువంటి పెట్టెను జీవితకాలమంతా భుజాన వేసుకొని తిరిగిన ఒక తపాలా ఉద్యోగి అనుభవం ఎన్నో విషయాలు బోధిస్తుంది.

ఆయనది బాపట్ల. ఇరవై రెండవ ఏట తపాలా శాఖలో గుమాస్తాగా చేరాడు. జీతంలో నెలనెలా కొంత మిగిల్చి, 1972లో ఒక అగ్ఫా క్లిక్ కెమెరా కొనుక్కున్నాడు. బరోడాలో తయారై, ఆ రోజులలో దేశమంతటా మధ్యతరగతి ఇళ్లలోకి ప్రవేశించిన కెమెరా అది. నల్లని పెట్టె, ముందువైపు చిన్న కటకం, ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, నొక్కడానికి ఒక మీట. అంతకు మించి అందులో హంగులేమీ లేవు. వెనుక భాగాన ఒక ఎర్రని కిటికీ ఉండేది. ఫిల్ము వెనుక చుట్టిన కాగితంపై ముద్రించిన అంకెలు ఆ కిటికీలో ఒకటొకటిగా కనిపించేవి. పన్నెండు దాటితే రీలు అయిపోయినట్లే.

ఆ పన్నెండు అనే అంకె ఆయనకు తొలి గురువు. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. ప్రతి చిత్రానికీ జీతంలో నుంచి కొంత తరిగిపోయేది. కనుక మీట నొక్కే ముందు ఆయన ఆలోచించవలసి వచ్చేది. వెలుగు ఏ వైపు నుంచి పడుతున్నది? ఇంకొక నాలుగు అడుగులు ముందుకు వెళితే ఏమవుతుంది? అసలు ఈ దృశ్యం ఒక గడికి తగినదేనా? సెలవునాడు సైకిలుపై సూర్యలంక సముద్రతీరానికి వెళ్లి, పడవలను, వలలను, సరుగుడు తోటలలో పడే నీడలను సాయంత్రం వరకు చూసి, ఒక్క చిత్రమైనా తీయకుండా ఇంటికి వచ్చిన రోజులున్నాయి. ఆ రోజులు వృథా అయ్యాయని ఆయన ఏనాడూ అనుకోలేదు. తీయక వదిలిన దృశ్యాలు కూడా ఆయన మనస్సులో నిలిచి ఉండేవి. చూడడం నేర్చుకున్నది ఆ రోజులలోనే.

కాని లెక్క చూసుకొని తీసే ఆ అలవాటే ఒకసారి ఆయనను తీరని దుఃఖంలో ముంచింది.

ఆయన తల్లికి కెమెరా అంటే భయం. “ఫోటో దిగితే ఆయుష్షు తరిగిపోతుందిరా, నన్నొదిలెయ్” అంటూ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకొనేది. కొడుకు నవ్వి ఊరుకొనేవాడు. 1973 ఉగాది నాడు మాత్రం ఆమెకు ఏమి తోచిందో, తలస్నానం చేసి, నేత చీర కట్టుకొని అరుగు మీదికి వచ్చి, “సరే, తియ్యరా, ఇవాళ దిగుతాను” అన్నది. కెమెరాలో ఒకే ఒక్క గడి మిగిలి ఉంది. మరునాడు ఒక మిత్రుని పెళ్లి. పందిరిని ఫోటో తీస్తానని ఆయన అప్పటికే మాట ఇచ్చాడు. “ఇంకో రీలు కొన్నాక తీస్తానులే అమ్మా” అన్నాడు. ఆమె ఏమీ అనుకోలేదు. “అట్లాగేలే” అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ వేసవిలోనే వడదెబ్బ తగిలి ఆమె కన్నుమూసింది. ఇంట్లో కెమెరా ఉన్నది. వందకు పైగా చిత్రాలున్నాయి. గోడకు తగిలించడానికి, తద్దినం నాడు దండ వేయడానికి కన్నతల్లి ముఖం మాత్రం లేదు. రీలు కడిగించగా చివరి గడిలో మిత్రుని పెళ్లిపందిరి, దానికి కట్టిన అరటి బోదెలు ఎంతో చక్కగా పడ్డాయి. ఆ ఫోటోను ఆయన ఎవరికీ ఇవ్వలేదు, పారవేయనూ లేదు.

నాటి నుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు. ప్రతి రీలులో పదకొండు చిత్రాలు తన ఇష్టానికి, పన్నెండవది అంతవరకు ఎన్నడూ ఫోటో దిగని మనిషికి. తీసిన తరువాత ఒక ప్రతిని ఆ మనిషికి ఉచితంగా అందజేయాలి. తపాలా వారికి పద్దు రాయకపోతే పని పూర్తయినట్లు ఉండదు. అందువలన నాలుగు గడులు గీసిన ఒక పుస్తకం తయారు చేసుకున్నాడు. తేదీ, స్థలం, ఎండా మబ్బా, ఎవరు అన్నవి ఆ నాలుగు గడులు. కొన్నాళ్లకు ఐదవ గడి కూడా చేర్చి దానికి ‘దోషం’ అని పేరు పెట్టాడు. చెయ్యి కదిలింది, తల తెగిపోయింది, రీలు తిప్పడం మరచి ఒకదానిపై ఒకటి పడింది అంటూ తన పొరపాట్లన్నీ అందులో నిజాయితీగా రాసుకొనేవాడు.

పన్నెండవ గడిలోకి ఎందరో వచ్చారు. బుట్టలల్లే ముసలమ్మ, రైలు నుంచి తపాలా సంచులు దించే కూలి, బడి ముందు జామకాయలమ్మే స్త్రీ, రిక్షా లాగే తండ్రీ కొడుకులు. “మంచి బట్టలు కట్టుకొని వస్తానుండండి బాబూ” అని వారంటే, “ఉన్నట్లే ఉండండి, మీ పని మీరు చేసుకోండి” అనేవాడు. ఫోటో చేతికిచ్చినప్పుడు కొందరు నవ్వేవారు. కొందరు “ఇది నేనేనా?” అని ఆశ్చర్యపోయేవారు. తమ ముఖాన్ని చెంబులోని నీళ్లలోనో, మంగలి కొట్టు అద్దంలోనో తప్ప చూసుకోనివారు ఆనాడు ఎందరో ఉండేవారు.

1977 వేసవిలో ఆయనకు దివిసీమలోని ఒక పల్లెలో కొన్నాళ్లు పనిచేయవలసి వచ్చింది. అక్కడ ఒక రీలు పూర్తయ్యే వేళకు గట్టు మీద కూర్చొని వల బాగుచేసుకుంటున్న ఒక జాలరిని పన్నెండవ గడిలో బంధించాడు. ప్రతిని అతనికి అందజేసి, వర్షాలు మొదలయ్యే నాటికి తిరిగి బాపట్ల చేరుకున్నాడు. ఆ సంవత్సరం నవంబరు 19వ తేదీన ఉప్పెన వచ్చింది. దివిసీమలో ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. వేలాది మంది ప్రాణాలు కోల్పోయారు.

కొన్ని నెలల తరువాత ఒక యువకుడు బాపట్ల తపాలా కార్యాలయానికి వెదుక్కుంటూ వచ్చి, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. “మా నాయన ఫోటో మీరు తీశారంటగదండీ” అన్నాడు. ఉప్పెన నాడు అతడు కూలికి వేరే ఊరు వెళ్లి ఉండడం వలన బతికాడు. తండ్రి లేడు. ఇల్లు లేదు. ఇంట్లో దూలానికి గుచ్చిన ఫోటో లేదు. గుమాస్తా ఆ సాయంత్రం పద్దు పుస్తకం తెరిచాడు. తేదీ దొరికింది. తేదీని బట్టి కవరు, కవరులో నెగెటివు దొరికాయి. మరునాడు ప్రింటు వేయించి ఇచ్చాడు. ఆ కుర్రవాడు దానిని కళ్లకద్దుకొని, తువ్వాలులో చుట్టుకొని, డబ్బు ఇవ్వబోయాడు. గుమాస్తా తీసుకోలేదు. వినోదం కోసం మొదలుపెట్టిన పనిలో ఇంత బరువు ఉంటుందని ఆయనకు ఆనాడు తెలిసింది.

ఆ తరువాత ఆయన ఈ విద్య ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలని గ్రంథాలయంలో పుస్తకాలు తిరగవేశాడు. వెండి పూత పూసిన రాగి రేకుపై బొమ్మను నిలిపే డాగెరె పద్ధతిని 1839లో పారిస్‌లో లోకానికి వెల్లడించారు. ఆ తరువాత గాజు పలకల కాలం వచ్చింది. మన హైదరాబాదులో ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళ్ (1844–1905) ఆ గాజు పలకలపైనే కోటలను, దర్బారులను, దొరల వేటలను చిత్రించాడు. ‘ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు పొందాడు. ఆయన చిత్రాలు అద్భుతాలు. కాని పెద్ద కెమెరా, దానిని నిలిపే ముక్కాలి పీట, బరువైన పలకలు, మోయడానికి మనుషులు కావలసిన ఆ విద్య సామాన్యునికి అందేది కాదు.

దానిని తేలిక చేసినవాడు అమెరికాలోని జార్జ్ ఈస్ట్‌మన్. గాజుకు బదులు చుట్ట చుట్టగల ఫిల్ము అమర్చిన కొడాక్ కెమెరాను ఆయన 1888లో విడుదల చేశాడు. 1900లో బ్రౌనీ అనే అట్టపెట్టె కెమెరాను ఒక్క డాలరుకు అమ్మి, దానిని పిల్లల చేతికి కూడా అందించాడు. 1901లో ఆ సంస్థ ప్రవేశపెట్టిన ‘120’ రకం రీలునే మన బాపట్ల గుమాస్తా తన కెమెరాలో వాడాడు. అదే కొలత రీలు నేటికీ తయారవుతున్నది. యంత్రాలు పదేళ్లకే పాతబడే కాలంలో ఇది ఆశ్చర్యం కలిగించే విషయం.

కాలక్రమంలో అంకెల కెమెరాలు, ఆపై ఫోన్లు వచ్చాయి. ఊరిలోని స్టూడియోలలో చీకటి గదులు సామాన్ల కొట్లుగా మారాయి. 1960లో ఊటీలో స్థాపితమై, ‘ఇందు’ పేరుతో ఫిల్ము తయారుచేసిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ మూతపడింది. లోకానికంతటికీ ఫిల్ము అందించిన కొడాక్ సంస్థ సైతం 2012లో దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానానికి వెళ్లింది. గుమాస్తా ఉద్యోగ విరమణ చేశాడు. క్లిక్ కెమెరాలోని స్ప్రింగు బిగుసుకుపోయింది. అంతకంటె పెద్ద దెబ్బ మరొకటి తగిలింది. ఆయన కళ్లకు నీటికాసుల వ్యాధి వచ్చింది. ఆ వ్యాధి చూపును అంచుల నుంచి మెల్లగా హరిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. చికిత్సతో ఉన్న చూపును కాపాడుకోవడమే మార్గం. కెమెరా ట్రంకుపెట్టెలోకి, పద్దు పుస్తకం అటక మీదికి చేరాయి.

అటువంటి రోజులలో హైదరాబాదులో ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమరాలు వేసవి సెలవులకు వచ్చింది. ఆమె ఫోనులో వేలకొలది ఫోటోలున్నాయి. అవి చాలక సంచిలో నుంచి ఒక నల్లని ప్లాస్టిక్ డబ్బా తీసి, “తాతయ్యా, ఇందులో రీలు ఎట్లా ఎక్కించాలో తెలియడం లేదు” అన్నది. ఆయన రీలును చేతిలోకి తీసుకొని వేళ్లతో తడిమాడు. కాగితపు చుట్ట, దాని రెండు వైపులా అంచులు. చూడనవసరం లేకుండానే గుర్తుపట్టాడు. అది తన 120 రీలే.

ఆ డబ్బా పేరు హోల్గా. దానిని బొమ్మ కెమెరా అంటారు. ఇటువంటి వాటిలో మొదట ప్రసిద్ధి పొందినది 1960లలో హాంకాంగులో తయారైన డయానా. హోల్గా కూడా అక్కడే 1980ల ఆరంభంలో పుట్టింది. చైనాలోని శ్రామిక కుటుంబాలకు చవకగా అందాలని దానిని రూపొందించారు. ‘మిక్కిలి కాంతిమంతమైనది’ అనే అర్థమిచ్చే మాట నుంచి దానికి ఆ పేరు వచ్చింది. కటకం కూడా ప్లాస్టిక్కే కావడం వలన చిత్రం మధ్యలో స్పష్టంగాను, అంచులలో మసకగాను పడుతుంది. మూలలు చీకటిగా ఉంటాయి. డబ్బా అతుకుల గుండా వెలుగు జొరబడి ఫిల్ముపై చారలు గీస్తుంది. దానిని వాడేవారు అతుకులకు నల్లని టేపు అంటించుకుంటారు. దూరం నిర్ణయించడానికి కొలతలు లేవు. ఒక మనిషి, ముగ్గురు మనుషులు, గుంపు, కొండ అనే నాలుగు బొమ్మలు మాత్రమే ఉన్నాయి.

ఇన్ని లోపాలున్న వస్తువును జనం ఇష్టపడడానికి కారణమేమి? 1991లో వియన్నాకు చెందిన కొందరు విద్యార్థులు ప్రాగ్ నగరంలో లోమో అనే సోవియట్ చిన్న కెమెరాను కొన్నారు. లెనిన్‌గ్రాడులో తయారైన ఆ కెమెరాతో లెక్కచేయక తీసిన చిత్రాలలో రంగులు గాఢంగా, మూలలు నల్లగా పడ్డాయి. వారికి అవి నచ్చాయి. 1992లో ఒక సంఘం పెట్టుకున్నారు. నాటి నుంచి ఇటువంటి కెమెరాల అభిరుచి దేశదేశాలకు వ్యాపించింది. 2015లో ఆగిపోయిన హోల్గా తయారీ 2017లో తిరిగి మొదలైంది. 2018లో కొడాక్ తన ఎక్టాక్రోమ్ ఫిల్మును మళ్లీ తీసుకువచ్చింది. 2024లో పెంటాక్స్ పేరుతో ఒక సరికొత్త ఫిల్ము కెమెరాయే విడుదలైంది. యంత్రం అన్నీ తానే చేసి పెట్టినప్పుడు మనిషికి పని మిగలదు. బొమ్మ కెమెరా సగం పనిని మనిషికే వదిలిపెడుతుంది. అభిరుచికి ఆనందం ఆ సగంలోనే ఉన్నది.

తాతయ్య రీలు ఎక్కించి, తన నియమం కూడా చెప్పాడు. “పదకొండు నీ ఇష్టం తల్లీ. పన్నెండోది మాత్రం ఎప్పుడూ ఫోటో దిగనివాళ్లకు.” మనుమరాలు సరేనన్నది. సూర్యలంకకు వెళ్లింది. సరుగుడు తోటలు, సంత, రైలు స్టేషను తిరిగింది. నాలుగు రోజులలో పదకొండు గడులు అయిపోయాయి. పన్నెండవదానికి మాత్రం మనిషి దొరకలేదు. టీ అమ్మే అతనిని అడిగితే నవ్వి, తన ఫోనులోని ఫోటోలు చూపించాడు. పూలమ్మే ఆమె కూడా అంతే. “మీ కాలం నియమం ఇప్పుడు చెల్లదు తాతయ్యా” అని ఆ పిల్ల నిరుత్సాహపడింది.

ఆ రాత్రి ఏమీ తోచక అటక మీది పద్దు పుస్తకాన్ని, ఆల్బములను దింపి చూడసాగింది. ఎంతో మంది. పెళ్లిళ్లు, పడవలు, ముసలమ్మలు, పసిపిల్లలు. ఆల్బములన్నీ తిరగవేసినా తాతయ్య మాత్రం కనిపించలేదు. ఉద్యోగపు గుర్తింపు కార్డుపై బిళ్లంత ఫోటో తప్ప ఆయన చిత్రం ఆ ఇంట్లో లేదు. కాని కొన్ని చిత్రాలలో కిందివైపు, నేలపై ఒక మనిషి నీడ పడి ఉన్నది. సూర్యుడు వీపు వైపు ఉండేటట్లు నిలబడి తీయాలన్నది పెట్టె కెమెరాల నియమం. అందువలన తీసేవాని నీడ ముందుకు పడుతుంది. అన్నేళ్ల ఆల్బములలో ఆయన నీడగా మాత్రమే ఉన్నాడు.

మరునాడు ఉదయం ఆమె తాతయ్యను అరుగు మీద కూర్చోబెట్టింది. ఆయన వద్దన్నాడు, నవ్వాడు, చివరకు చొక్కా సవరించుకొని కూర్చున్నాడు. ఆమె కెమెరాను కంటికి ఆనించింది. హోల్గాలో చూసే రంధ్రం వేరు, కటకం వేరు. కటకానికి మూత ఉన్నా చూసేవారికి అది తెలియదు. తాతయ్య చెయ్యి ఎత్తి, “మూత, తల్లీ, మూత!” అని కేకవేశాడు. ఆమె నాలుక కరచుకొని మూత తీసి, ఎత్తిన చెయ్యి దించేలోపే మీట నొక్కింది.

ఫిల్మును ఇంట్లోనే కడగాలని నిర్ణయించుకున్నారు. ట్రంకుపెట్టెలో పాత ట్యాంకు ఉన్నది. మందుల పొడి ఆమె తెప్పించుకున్నది. సినిమాలలో చూపినట్లు ఎర్ర దీపం పెడదామని ఆమె అన్నప్పుడు తాతయ్య వారించాడు. ఎర్రని వెలుగు నలుపు తెలుపుల ప్రింటు కాగితానికి హాని చేయదు గాని, ఈ ఫిల్ము అన్ని రంగులనూ పట్టుకుంటుంది. దీనికి కటిక చీకటి కావాలి. రాత్రివేళ లోపలి గదిలో దీపాలు ఆర్పి, తలుపు సందులలో దుప్పట్లు కుక్కి ఇద్దరూ కూర్చున్నారు. కాగితం నుంచి ఫిల్మును వేరుచేసి ట్యాంకులోని చక్రానికి ఎక్కించడం వేళ్లతో చేయవలసిన పని. మనుమరాలి వేళ్లు తడబడ్డాయి. తాతయ్య వేళ్లు తడబడలేదు. ఆ చీకటిలో చూపున్నవారు, లేనివారు అనే భేదం లేదు.

ఫిల్ముపై జిలాటిను పొరలో వెండి లవణపు రేణువులు ఉంటాయి. వెలుగు సోకిన రేణువులలో కంటికి కనబడని మార్పు జరుగుతుంది. బొమ్మ అప్పటికే పడి ఉంటుంది, కాని దాగి ఉంటుంది. డెవలపరు ద్రవం ఆ రేణువులను నల్లని వెండిగా మారుస్తుంది. హైపో ద్రవం వెలుగు సోకని రేణువులను కరిగించివేస్తుంది. వెలుగు పడినచోట నలుపు, పడనిచోట తెలుపు. అందుకే దానిని నెగెటివు అంటారు. మందు నీటికి సుమారు 20 డిగ్రీల చలువ ఉండాలి. కోస్తా వేసవిలో కుళాయి నీరే వేడిగా వస్తుంది. తాతయ్య గిన్నె చుట్టూ ఐసు ముక్కలు పేర్పించి, నిమిషానికొకసారి ట్యాంకును వంచి నిలపమని చెప్పాడు. ఒక్కొక్క అంకె లెక్కపెడుతూ ఆమె ఊపిరి బిగబట్టి కూర్చున్నది. ఫోనులో ఫోటో తీసిన మరుక్షణమే చూసుకొనే ఆ పిల్లకు ఐదు రోజులు ఎదురుచూడడమంటే ఏమిటో తెలిసింది.

కడిగి ఆరవేసిన ఫిల్మును మరునాడు కిటికీ అద్దానికి ఆనించారు. మనుమరాలు ఫోనుతో దానిని తీసి, నలుపు తెలుపులను తారుమారు చేసి చూపించింది. పాత విద్యకు కొత్త సాధనం ఆ విధంగా తోడుపడింది. పన్నెండు గడులలో మూడు ఖాళీ. మూత తీయడం మరచిన ఫలితం అది. ఒక గడిలో సరుగుడు తోట, టీ దుకాణం ఒకదానిపై ఒకటి పడి, కొమ్మల మధ్య టీ పాత్ర వేలాడుతున్నది. రెండు మసకబారాయి. ఐదు చక్కగా వచ్చాయి. చివరిదాన్ని చూసి ఆమె ముఖం చిన్నబోయింది. తాతయ్య నోరు తెరిచి, చెయ్యి ఎత్తి, ఏదో కేకవేస్తున్నాడు. ముఖం స్పష్టంగానే ఉంది. కాని నాలుగు మూలలా చీకటి కమ్ముకొని అరుగు, స్తంభాలు మాయమయ్యాయి.

ఆమె ఆ చిత్రాన్ని ప్రింటు వేయించి, పద్దు పుస్తకం తీసుకొని ఆయన పక్కన కూర్చుంది. తేదీ, స్థలం, ఎండ అని రాసింది. ఎవరు అన్న గడిలో ‘తాతయ్య’ అని రాసింది. ‘దోషం’ అన్న గడి దగ్గర ఆగి, “మూలలు నల్లబడ్డాయి అని రాయనా?” అని అడిగింది. ఆయన ప్రింటును ముఖానికి దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు.

“వద్దమ్మా. అది దోషం కాదు. ఇప్పుడు నా కంటికి లోకం ఇట్లాగే కనిపిస్తున్నది” అన్నాడు.

మనుమరాలు మాట్లాడలేకపోయింది. తాతయ్యకు చూపు తగ్గిందని ఇంట్లో అందరికీ తెలుసు. ఆయన ఏమి చూస్తున్నాడో, ఎంత మేర చూస్తున్నాడో ఎవరూ అడగలేదు. ఒక ప్లాస్టిక్ డబ్బా ఆ సంగతిని ఆమెకు కళ్లకు కట్టినట్లు చూపించింది. ఆమె ఆ గడిని ఖాళీగా వదిలి పుస్తకం మూసింది. ఆ రోజు నుంచి ఆయనతో నడిచేటప్పుడు ఆయన చెయ్యి పట్టుకొని, పక్కన మెట్టు ఉంటే ముందుగా చెప్పసాగింది.

అభిరుచి అన్నది పొద్దుపుచ్చడానికి మాత్రమే కాదు. అది మనిషికి ఓర్పును, శ్రద్ధను, ఎంచుకొనే వివేకాన్ని నేర్పుతుంది. ఫిల్ముతో ఫోటోలు తీయడంలో ఖర్చు ఉన్నది, శ్రమ ఉన్నది, పొరపాట్లు తప్పవు. అయినా పన్నెండు అనే హద్దు ఉన్నందువలననే ప్రతి చిత్రానికీ విలువ ఏర్పడుతుంది. ఫోనుకు ఆ హద్దు లేకపోవచ్చు. దానిని పెట్టుకోవడానికి మనిషికి ఆటంకమేమీ లేదు.

సెలవులు ముగిసి హైదరాబాదు బయలుదేరేటప్పుడు ఆమె సంచిలో మరొక రీలు ఉన్నది. “ఈసారి పన్నెండోది ఎవరు?” అని తాతయ్య అడిగాడు. ఆమె క్షణం ఆలోచించింది. ఇంట్లో అందరి ఫోటోలూ తీసి, తాను మాత్రం వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయే తల్లి ఆమెకు గుర్తుకు వచ్చింది. రైలు కదిలింది. అటువంటి మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉంటారు. ఇంకో రీలు కొన్నాక తీద్దామని ఆ చిత్రాన్ని వాయిదా వేయకూడదు.